క్రిస్మస్‌కు మన ఇంటి ఆనవాయితీ: మొదలుపెట్టడం, నిలుపుకోవడం

నవంబరు చివరి వారం వచ్చేసరికి కడప ఏడు రోడ్ల చుట్టుపక్కల దుకాణాల ముందు ప్లాస్టిక్ నక్షత్రాలు వేలాడతాయి, దర్జీలు కొత్త బట్టలు ఒప్పుకోవడం మానేస్తారు, సంఘాల్లో సెమీ క్రిస్మస్ తేదీలు ఖరారవుతాయి. అక్కడి నుంచి జనవరి 1 దాకా ఇంటిల్లిపాదికీ ఊపిరి సలపదు. తీరా అంతా ముగిశాక, ఈ ఏడు మనింట్లో పండుగకు ఏం చేసుకున్నామని పిల్లలను అడిగితే బట్టలు, బిర్యానీ, కేకు అన్న మూడు మాటలకు మించి జవాబు రాదు. చర్చిలో జరిగేది సంఘం పండుగ. దాన్ని నడిపే పెద్దలు వేరే ఉంటారు, మనం వెళ్లి కూర్చుని వస్తాం. ఇంట్లో మనవాళ్లంతా కలిసి, ఏటేటా అదే రోజున, అదే తీరున చేసుకునే పనిని నేనిక్కడ ఆనవాయితీ అంటున్నాను. అలాంటిదాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా మొదలుపెట్టాలి, మొదటి ఏటి ఉత్సాహం చల్లారాక ఎలా నిలుపుకోవాలి అన్న విషయాలను మా ఇంటి అనుభవంతో కలిపి ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. పెళ్లయిన రెండో ఏడు, ఎక్కడెక్కడో చదివినవన్నీ పోగేసి, ఒకే డిసెంబరులో అయిదు కొత్త అలవాట్లు మొదలుపెట్టాను. ప్రతి రాత్రీ వాక్యం చదవడం, ఆదివారం ఆదివారం కొవ్వొత్తి వెలిగించడం, బంధువులందరికీ చేతిరాతతో ఉత్తరాలు, ఇంట్లోనే కేకు, నలభై మందికి విందు. నాలుగో రాత్రికి చదవడం ఆగిపోయింది. ఉత్తరాలు పదకొండు రాసి వదిలేశాను. విందు జరిగింది కానీ, ఆ రోజంతా మా అమ్మ, నా భార్య పొయ్యి దగ్గరే ఉండిపోయి, వచ్చినవాళ్లతో కూర్చుని నాలుగు మాటలైనా మాట్లాడలేదు. మరుసటి ఏడు ఆ అయిదింటిలో ఒక్కటీ మిగల్లేదు. అందువల్ల కొత్తగా మొదలుపెట్టేవారికి నా మొదటి సలహా, ఏడాదికి ఒక్కటి చాలు. అది రెండేళ్లు వరుసగా జరిగితే రెండోదాని గురించి ఆలోచించవచ్చు.

ఆ ఒక్కదాన్ని ఎంచుకోవడానికి నేను వాడే కొలబద్ద ఒకటుంది. కరువొచ్చిన ఏడు కూడా దీన్ని చేయగలమా? అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో పుట్టినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తగా విప్పి చెప్పనక్కరలేదు. వానలు ఎగ్గొట్టిన ఏడు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్న ఏడు, ఉద్యోగం పోయిన ఏడు వస్తాయి. అటువంటి ఏడు కూడా చేతిలో ఉన్నదానితో జరిగిపోయేదైతేనే దానికి చేయి వేయాలి. ఖర్చు మీద నిలబడిన ఆనవాయితీ, ఖర్చు పెట్టలేని ఏడు ఆగిపోతుంది. ఒకసారి ఆగినదాన్ని మళ్లీ లేపడం కొత్తది మొదలుపెట్టడం కన్నా కష్టం. ఈ పరీక్షలో నెగ్గిన తర్వాత ఇంకో రెండు విషయాలు తేల్చుకోవాలి. అది ఏ రోజు, ఏ వేళకు జరుగుతుంది? దానికి బాధ్యులెవరు? "డిసెంబరులో ఎప్పుడైనా, అందరం కలిసి" అనుకున్నది జరగదు. "డిసెంబరు మొదటి శనివారం సాయంత్రం, పెద్దోడు గుర్తు చేయాలి" అనుకున్నది జరుగుతుంది.

ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్న పద్ధతులు కూడా ఒకప్పుడు ఎవరో ఒకరు, దగ్గరున్న సరుకుతో, ఒక అవసరం కోసం మొదలుపెట్టినవే. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్ అస్సీసీ అనే సన్యాసి పశువుల తొట్టె, గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిదను తెప్పించి యేసు పుట్టిన పాకను జనానికి కళ్లకు కట్టినట్టు చూపించాడు. ఈనాడు కడప మరియాపురంలోనైనా, మరెక్కడైనా కతోలిక ఇళ్లలో పేర్చే పశువుల పాకకు ప్రేరణ ఆ రాత్రే. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడుపుతున్న యోహాన్ హిన్రిష్ విచెర్న్, పండుగ ఇంకెన్నాళ్లని పిల్లలు పదేపదే అడుగుతుంటే, పాత బండి చక్రం ఒకటి తీసుకుని దాని మీద ఆదివారాలకు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు అమర్చి, రోజుకొకటి వెలిగించాడు. క్రిస్మస్‌కు ముందు వారాల్లో, అంటే ఆగమన కాలంలో వెలిగించే కొవ్వొత్తుల వలయం అట్లా పుట్టింది. ఆయన బజారుకు పోయి వలయం కొనుక్కురాలేదు. మన విషయానికొస్తే, లండన్ మిషనరీ సొసైటీ వారు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. అంటే ఈ సీమలో క్రిస్మస్ వయసు రెండు వందల ఏళ్లు దాటింది. అయినా కేకు, చెట్టు, శాంటా తాత అన్నీ బయటి నుంచి వచ్చినవి వచ్చినట్టే వాడుకుంటున్నాం. మన పొలంలో పండేది, మన వాకిట్లో దొరికేది పండుగలోకి తెచ్చుకున్నది తక్కువ. కింద చెప్పబోయే పనులన్నీ ఆ లోటు తీర్చే దిశగా ఎంచుకున్నవే.

చేతితో కట్టే నక్షత్రం

చిన్నపిల్లలున్న ఇంటికి దీనికి మించిన ఆరంభం లేదని నా అభిప్రాయం. కొన్న నక్షత్రం ఒక్క నిమిషంలో వేలాడుతుంది. కట్టిన నక్షత్రం రెండు సాయంత్రాలు తీసుకుంటుంది, ఆ రెండు సాయంత్రాలే మనకు కావలసింది. జమ్మలమడుగు దగ్గరి మా ఊళ్లో మా జేజినాయన (తాత) ఏటా ఇంటి ముందరి వేపచెట్టుకు వెదురు నక్షత్రం కట్టేవాడు. ఆయన పోయాక పదిహేనేళ్లు ఎవరూ కట్టలేదు. నేను మళ్లీ కట్టబోతే కొలతలు ఎవరికీ గుర్తులేవు, మూడు సార్లు వంకరపోయాక లెక్క వేసుకుని సరిచేసుకున్నాను. ఆ లెక్క ఇక్కడ ఇస్తున్నాను.

బుట్టలల్లేవారి దగ్గర ఒక వెదురు బొంగు తీసుకుని, అర అంగుళం వెడల్పున చీల్పించి, సరిగ్గా మూడు అడుగుల పొడవున పది బద్దలు, ఏడు అంగుళాల పొడవున అయిదు పొట్టి పుల్లలు కోయించాలి. కణుపుల దగ్గర ఉబ్బును, అంచుల్లోని ఈనెలను కత్తితో నున్నగా చెక్కాలి. లేకుంటే పిల్లల వేళ్లలో గుచ్చుకుంటాయి, తర్వాత కాగితం కూడా చిరుగుతుంది. ప్రతి పొడవు బద్దకూ రెండు కొసల నుంచీ 13¾ అంగుళాల దూరంలో పెన్సిలుతో గుర్తు పెట్టాలి. అయిదు బద్దలను నేల మీద నక్షత్రంలా పరిచినప్పుడు ఒకదాన్నొకటి దాటేచోట్లు కచ్చితంగా ఆ గుర్తుల మీదనే పడాలి. అట్లా పడితే అయిదు కోణాలూ సమానంగా వస్తాయి. ఒక బద్ద ఒకచోట పైనుంచి పోతే, పక్కచోట కింది నుంచి పోయేలా అల్లాలి. కొసలను, దాటేచోట్లను పురికొసతో గట్టిగా కట్టాలి. ఇదే తీరున రెండో నక్షత్రం తయారుచేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొసలను కలిపి కట్టేయాలి. ఆ తర్వాత లోపలి అయిదు కూడళ్ల దగ్గర రెండు నక్షత్రాలనూ ఎడంగా లాగి, ఒక్కొక్కచోట ఒక్కొక్క పొట్టి పుల్ల నిలబెట్టి కట్టాలి. అంతవరకు బల్లపరుపుగా ఉన్న చట్రం ఒక్కసారిగా పొట్ట ఉబ్బుకుని లేస్తుంది. కొత్త చట్రం కట్టిన ప్రతిసారీ మా చిన్నది ఆ క్షణం కోసమే పక్కన కూర్చుని ఉంటుంది. చివరి పుల్ల ఎవరు పెట్టాలన్న దాని మీద ప్రతిసారీ గొడవ.

కాగితం అతికించడం రెండో సాయంత్రం పని. గాలిపటాలకు వాడే పల్చటి రంగు కాగితం మేలు. మైదాపిండిని నీళ్లలో కలిపి సన్నసెగ మీద చిక్కబడేదాకా కలియబెడితే చాలినంత జిగురు వస్తుంది. పూర్వం పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం కాబట్టి పిల్లలు చేయి పెట్టే జిగురులో కలపవద్దు. కాగితం అతికించి ఆరాక, చేత్తో సన్నగా నీళ్లు చిలకరించి మళ్లీ ఆరనిస్తే ముడతలన్నీ పోయి తప్పెట చర్మంలా బిగుసుకుంటుంది. వెనకవైపు ఒక్క పలకను అంటించకుండా వదిలితే బల్బు పెట్టడానికి, తీయడానికి దారి ఉంటుంది. బల్బు మాత్రం తొమ్మిది వాట్లకు మించని ఎల్‌ఈడీ అయి ఉండాలి. నేను మొదటిసారి కట్టినప్పుడు ఇంట్లో పడున్న పాత అరవై వాట్ల బల్బు పెట్టాను. అర్ధరాత్రి దాటాక చూస్తే ఒకవైపు ఎర్ర కాగితం మాడి గోధుమరంగుకు తిరిగింది. ఇంకో గంట నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో. డిసెంబరు మంచుకు తీగ అతుకులు తడుస్తాయి కాబట్టి ఆరుబయట అతుకు లేకుండా ఒకే తీగ వాడడం, పడుకునే ముందు స్విచ్చి ఆపడం తప్పనిసరి చేసుకోవాలి.

రాత్రికొక అధ్యాయం

లూకా సువార్తలో 24 అధ్యాయాలున్నాయి. డిసెంబరు 1న మొదలుపెట్టి రాత్రికొకటి చదివితే 24వ తేదీకి పూర్తవుతుంది. చాలా దేశాల్లో కుటుంబాలు పాటించే ఈ పద్ధతి గొప్పదనం ఏమంటే, ఈ రోజు ఎక్కడున్నామో ఎవరూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. తారీకే అధ్యాయం సంఖ్య. పదో తేదీన మంచి సమరయుని కథ, పదిహేనున తప్పిపోయిన కుమారుని కథ వస్తాయి. పిల్లలు కొన్నాళ్లకు తేదీలను ఆ కథలతోనే గుర్తుపెట్టుకోవడం మొదలుపెడతారు.

ఇందులో రెండు గండాలున్నాయి. మొదటి రాత్రే 80 వచనాల అధ్యాయం వస్తుంది. చదివేవాళ్లు అలసిపోయి, వినేవాళ్లు కునుకు తీసి, మర్నాటికి నీరసం వస్తుంది. ఆ రాత్రికి మాత్రం అధ్యాయాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుని చదవాలి. మూడో రాత్రి యోసేపు నుంచి ఆదాము దాకా వంశావళి ఉంటుంది. వరుసగా వచ్చే ఆ పేర్లు పలకలేక పెద్దలు దాటేస్తుంటారు. దాటేయవద్దనే నా మనవి. మా ఇంట్లో ఆ పేర్లను తడబడకుండా, ఊపిరి తిప్పుకోకుండా ఎవరు ఎక్కువ దూరం చదువుతారన్నది పందెం. డెబ్బై రెండేళ్ల మా అవ్వ కళ్లద్దాలు సవరించుకుని, "మత్తతీయ, ఆమోసు, నాహోము" అంటూ గబగబా చదివేస్తుంటే పిల్లలు చప్పట్లు కొడతారు. రాత్రి భోజనం ముగిశాక, కంచాలు తీయక ముందే చదవడం మంచిది. చేతులు కడుక్కుని లేచారంటే ఒకరు ఫోను దగ్గరికి, ఒకరు టీవీ దగ్గరికి పోతారు, మళ్లీ కూడదీయడం మన వల్ల కాదు. ఎప్పుడైనా ఒక రాత్రి తప్పిపోతే మర్నాడు రెండు చదవాలని పట్టుబట్టకండి. ఆ రోజు తారీకు అధ్యాయమే చదివి ముందుకు పోండి. బాకీలు పేరుకుంటే భయం పుడుతుంది, ఆ భయంతోనే నేను మొదటి ఏడు మానుకున్నాను.

పిడికెడు బియ్యం

తెలుగు సంఘాల్లో ఆడవాళ్లు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన తీసిపెట్టి దేవుని పనికి ఇచ్చే అలవాటు పాతది. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది, చాలా ఇళ్లలో వారాంతపు కానుక కవరు దాని స్థానంలోకి వచ్చింది. దాన్ని డిసెంబరు నెలకు ఇంటి ఆనవాయితీగా మళ్లీ తెచ్చుకోవచ్చు. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములు. పూటకొక పిడికెడు చొప్పున రోజుకు రెండుసార్లు తీస్తే, 1వ తేదీ నుంచి 22 దాకా రెండు కిలోల పైచిలుకు పోగవుతుంది. నాలుగు ఇళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిస్తే దాదాపు తొమ్మిది కిలోలు. ఎవరికీ బరువనిపించని లెక్క ఇది. పిడికిలి పిల్లలదైతే కాస్త తక్కువ వస్తుంది, కానీ ఆ పని పిల్లలకే అప్పగించాలి. ఒక స్టీలు డబ్బా వాళ్లకు అందే ఎత్తులో పెడితే కుక్కరు పెట్టే వేళకు వాళ్లే పరుగెత్తుకొస్తారు.

ఇవ్వడంలో మెలకువ కావాలి. పండుగ రోజు పొద్దున్నే తీసుకెళ్లి ఇస్తే, అది వాళ్ల పండుగకు పనికిరాదు. 23వ తేదీ సాయంత్రానికే చేరాలి. బియ్యంతో పాటు అరకిలో కందిపప్పు, ఒక నూనె పొట్లం, బెల్లం కలిపితే ఒక పూట పండుగ వంట పూర్తవుతుంది. ఎవరికి ఇస్తున్నామో ఊరందరికీ తెలియనక్కరలేదు. ఫోటో అసలే వద్దు. ఆదోని, కోసిగి వైపు పల్లెల నుంచి పనుల కోసం కుటుంబాలు కుటుంబాలే వలసపోతే, ఇంట్లో ముసలివాళ్లు మాత్రమే మిగిలే సందర్భాలుంటాయి. అటువంటివారికి సరుకు ఇచ్చి రావడం కన్నా, వండి తీసుకెళ్లి, వాళ్ల పక్కన కూర్చుని కలిసి తిని రావడం మేలని నాకు అనుభవం మీద తెలిసింది.

కర్జికాయల రాత్రి

వేరుశనగ అనంతపురంలో చెనక్కాయ, కర్నూలు వైపు బుడ్డలు. పేరేదైనా వానకారు పంట నూర్పిడి ముగిసి కొత్త కాయలు ఇంటికి చేరేది క్రిస్మస్‌కు ముందే. కాబట్టి ఈ సీమ క్రిస్మస్‌కు అసలైన తీపి కేకు కాదు, కర్జికాయ అని వాదించడానికి నేను ఎప్పుడూ సిద్ధమే. పైగా కర్జికాయలు ఒంటరిగా చేసేవి కావు. ఒకరు ఒత్తాలి, ఒకరు పూర్ణం పెట్టాలి, ఒకరు అంచు మడవాలి, ఒకరు బాణలి దగ్గర ఉండాలి. ఇంత చక్కగా పని పంచే వంటకం మరొకటి లేదు.

సుమారు నలభై కాయలకు అరకిలో మైదా, వంద గ్రాముల చిరోటి రవ్వ, చిటికెడు ఉప్పు, నాలుగు చెంచాల కాగిన నూనె వేసి గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి గంటసేపు నాననివ్వాలి. పావుకిలో చెనక్కాయ విత్తనాలు, పావుకిలో పుట్నాల పప్పు, యాభై గ్రాముల నువ్వులు విడివిడిగా వేయించాలి. విత్తనాల పొట్టు చెరిగి, పుట్నాలతో కలిపి బరకగా దంచి, నువ్వులు, మూడు వందల గ్రాముల బెల్లం తురుము, ఒక చిప్ప ఎండుకొబ్బరి కోరు, ఎనిమిది ఏలకుల పొడి కలిపితే పూర్ణం సిద్ధం. పూర్ణంలో తడి ఉండకూడదు. వేయించిన గింజలు పూర్తిగా చల్లారాకనే బెల్లం కలపాలి. వేడి మీద కలిపితే బెల్లం కరిగి, నూనెలో కాయ పగులుతుంది, ఆ బాణలి నూనె అంతా నల్లబడుతుంది. అంచుకు నీళ్లు తడిపి, బొటనవేలితో నొక్కుతూ జడ అల్లినట్టు మడవాలి. సెగ తగ్గించి, కాయ మునిగి తేలేంత నూనెలో తిప్పుతూ వేయిస్తే రెండు వారాలు కరకరలాడుతూ ఉంటాయి. మా ఇంట్లో 20వ తేదీ రాత్రి ఈ పని. అంచు మడవడం రాని అల్లుళ్లకు కూడా మినహాయింపు లేదు. మా బావ మడిచినవి ఏవో పళ్లెంలో చూడగానే తెలిసిపోతాయి. వాటిని బయటివాళ్లకు పంపకుండా మేమే తినేస్తాం.

పంచిపెట్టడం ఈ ఆనవాయితీలో సగభాగం. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి, బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచన్న అభిమానంతో ముస్లిములు టెంకాయ, బెల్లం పట్టుకుని వెళ్లే జిల్లా మనది. పండుగను గోడ లోపలే ఉంచుకుంటే ఇక్కడ ఎవరూ మెచ్చరు. గుడ్డు లేని, నెయ్యి కాకుండా నూనెతో చేసిన కర్జికాయ ఎవరింటికైనా నిశ్చింతగా పోతుంది. మాంసం ముట్టనివారి కోసం వాటిని వేరే బాణలిలో ముందే వేయించి పక్కన పెట్టి, ఆ మాట వారికి చెప్పి ఇవ్వాలి. ముస్లిం స్నేహితులను భోజనానికి పిలిస్తే కోడిని హలాల్ కొట్టు నుంచే తేవాలి. అడిగించుకోకుండా ముందే చూసుకుంటే వారికి అడిగే ఇబ్బంది తప్పుతుంది. పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు. కనీసం గుప్పెడు చక్కెరైనా వేసి ఇస్తారు. పళ్లేలు పట్టుకుని వీధి తిరిగే పని పిల్లలదే కావాలి, ఎవరింట్లో ఏం చెప్పి ఇవ్వాలో ముందుగా నేర్పాలి: "అవ్వా, మా క్రిస్మస్ తీపి, అమ్మ పంపింది."

దూరంగా ఉన్నవారికి ఒక పని

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో కువైట్‌లో మనిషి ఉన్న కుటుంబాలు చాలా. మా అక్క కూడా అక్కడే తొమ్మిదేళ్లు పనిచేస్తోంది. ఆ దేశంలో డిసెంబరు 25 సెలవు కాదు. గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మనకు రాత్రి 11 అయితే వాళ్లకు ఎనిమిదిన్నర, అప్పటికి కూడా పని తెమలదు. పండుగ రోజు వీడియో కాల్‌లో అందరూ ఒకేసారి అరుస్తూ, కొత్త బట్టలు చూపిస్తూ, బిర్యానీ చూపిస్తూ రెండు నిమిషాలు మాట్లాడితే, ఫోను పెట్టేశాక ఆమెకు మిగిలేది ఏడుపే. చాలా ఏళ్లు మేము అదే చేశాం.

ఇప్పుడు పద్ధతి మార్చాం. లూకా సువార్త రెండో అధ్యాయం, అంటే యేసు జననం ఉన్న అధ్యాయం చదివే హక్కు ఆమెది. నవంబరు చివర్లో తనకు తీరిక దొరికిన శుక్రవారం ఆమె దాన్ని చదివి, గొంతు రికార్డు చేసి పంపుతుంది. డిసెంబరు 2 రాత్రి ఒకసారి, క్రిస్మస్ రాత్రి దీపాలు తగ్గించి ఇంకోసారి అదే వినిపిస్తాం. ఆ రెండుసార్లూ ఇంట్లో ఎవరూ చదవరు. మొదటి ఏడు రికార్డులో వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, మధ్యలో ఒకచోట ఆమె గొంతు ఆగి మళ్లీ అందుకోవడం వినిపిస్తాయి. మళ్లీ చదివి పంపుతానంది, వద్దన్నాం. అన్ని ఏళ్ల రికార్డులూ తేదీ వేసి ఒక పెన్‌డ్రైవులో దాచాం. ఫోను మారితే వాట్సాప్‌లోవి పోవచ్చు కాబట్టి ఈ జాగ్రత్త తీసుకోవాలి. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి సెలవు దొరకనివారికి కూడా ఇటువంటి పని ఒకటి అప్పగించండి. ఊరికే చూస్తూ కూర్చునే చుట్టంలా కాక, వాళ్ల వంతు లేకుంటే పండుగ ముందుకు సాగనట్టుగా ఉండాలి.

పోయినవారి విషయంలో ఎక్కువ చెప్పడానికి నాకు మనసొప్పదు. నాయన పోయిన తర్వాత వచ్చిన మొదటి క్రిస్మస్‌కు ఇంట్లో నక్షత్రం కట్టవద్దని కొందరన్నారు. అమ్మ మాత్రం కట్టమంది, ఆయన వాడిన కత్తితోనే బద్దలు చెక్కమంది. ఆ ఏడు ఇల్లంతా ఇంకే వేడుకా లేదు. దుఃఖం ఉన్న ఏడు అన్నీ ఆపేయకుండా, అన్నీ చేయబోకుండా, అన్నిటికన్నా చిన్నదాన్ని ఒక్కదాన్ని నిలబెట్టండి. భోజనానికి కూర్చునే ముందు ప్రార్థనలో ఆ మనిషి పేరు పెట్టి తలుచుకోవడానికి ఎవరూ మొహమాటపడకూడదు. పెద్దలు పేరెత్తకపోతే పిల్లలు అడగడం మానేస్తారు.

ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికో, అల్లుడికో వాళ్ల పుట్టింటి పద్ధతులు వాళ్లకుంటాయి. అందులో ఒకటి మీ ఇంట్లోకి రానివ్వండి. మా మరదలు వాళ్లది నంద్యాల. పశువుల పాక చుట్టూ పచ్చగా ఉండడానికి డిసెంబరు 12, 13 తేదీల్లో వెడల్పాటి మట్టి మూకుళ్లలో రాగులు చల్లుతుంది. రోజూ నీళ్లు చిలకరిస్తే పండుగనాటికి వేలెడు ఎత్తు నారు లేస్తుంది. గోవాలో కూడా పాక చుట్టూ రాగుల నారు పెంచుతారు. మా ఇంట్లో ఆమె రాక ముందు పాకే లేదు. ఇప్పుడు మూకుళ్లకు నీళ్లు పెట్టడం మా నాయనమ్మ వరసయ్యే ముసలామె పని, ఆమె ఇంకెవరినీ ముట్టనివ్వదు.

పని చేయనిది వదిలేయడానికి కూడా వెనకాడవద్దు. చీటీలు తీసి ఒకరికొకరు కానుకలిచ్చే పద్ధతి మేము నాలుగేళ్లు నడిపాం. రెండు వందల రూపాయల హద్దు పెట్టుకున్నా, ప్రతి ఏడూ ఎవరో ఒకరు దాటేవారు, ఇంకొకరు చిన్నబుచ్చుకునేవారు. అయిదో ఏడు ఆపేశాం. ఎవరూ అడగను కూడా లేదు.

జనవరి 6న, జ్ఞానులు వచ్చి శిశువును దర్శించిన పండుగ రోజు సాయంత్రం, నక్షత్రాన్ని కిందికి దించుతాం. కాగితం చించే పని చిన్నపిల్లలది. చట్రాన్ని విప్పవద్దు, వెదురుకు చెదలు పట్టకుండా కాస్త వేపనూనె రాసి, పాత చీరలో చుట్టి అటక మీద పెడితే నాలుగైదేళ్లు నిలుస్తుంది, ఏటా కాగితం మార్చుకుంటే చాలు. ఆ రోజే ఒక మామూలు రెండు వందల పేజీల నోటుబుక్కులో ఆ ఏటి వివరాలు నాలుగు వరుసల్లో రాయండి. కర్జికాయలు ఎన్ని అయ్యాయి, బియ్యం ఎంత పోగయింది, ఎవరు రాలేదు, పేర్ల పందెం ఎవరు గెలిచారు, ఏ సరుకు తక్కువ పడింది. మా పుస్తకంలో పోయిన ఏటి కింద అవ్వ తన చేత్తో రాసింది: "బెల్లం ఇంకో వంద గ్రాములు. నక్షత్రం ఎడమ కొస వంకర. వచ్చే ఏడు చిన్నోడే కట్టాలి." నోటుబుక్కును చట్రంతో పాటే అదే చీరలో చుట్టి పెట్టండి, నవంబరులో అటక మీద నుంచి చట్రాన్ని తీసినప్పుడు అదీ చేతికి వస్తుంది.